రోడ్డు మీద చెయ్యెత్తినవాడు ఎవరు?



ఈ వారం వాక్యధ్యానానికి బదులు ఒక ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. ఉపవాస కూడిక అయ్యాక మన సంఘంలో ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె కొడుకు నందిగామ వైపు నుండి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలుతాడు. ఎక్కువగా రాత్రి ప్రయాణమే. "అయ్యగారూ, పోలీసు అని రాసి లేని కారు పక్కకొచ్చి ఆపమని చెయ్యి ఊపితే వీడు ఆపాలా, పోనివ్వాలా? ఆపితే దొంగలేమోనని భయం. ఆపకపోతే నిజం పోలీసులై కేసు పెడతారేమోనని భయం" అంది.

ప్రార్థన చేస్తానమ్మా అన్నాను, చేశాను కూడా. అయితే ఆ పిల్లవాడికి ప్రార్థనతో పాటు దారి కూడా చెప్పాలి కదా.

మనం ఉండేది అరవై అయిదో నంబరు జాతీయ రహదారి పక్కన. పెద్దవాళ్లు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. గరికపాడు చెక్‌పోస్టు దాటాక చిల్లకల్లు టోల్‌గేటు, నందిగామ, కీసర టోల్‌గేటు, కంచికచర్ల, ఆ తర్వాత మన పరిటాల. ఈ కొద్ది దూరంలో బండిని ఆపే హక్కున్నవాళ్లు ఎంతమందో లెక్క వేయండి. ట్రాఫిక్‌వాళ్లు, రవాణా శాఖవాళ్లు, ఎక్సైజువాళ్లు, కంకర టిప్పర్ల కోసం గనుల శాఖవాళ్లు, సరుకు బిల్లుల కోసం పన్నులవాళ్లు. తెలంగాణ సరిహద్దు కాబట్టి మద్యం సీసాల తనిఖీ ఉంటుంది. గంజాయి రవాణాను పట్టుకోవడానికి మామూలు బట్టల్లో, మామూలు కార్లలో తిరిగే పోలీసులూ ఉంటారు. అందుకే "బోర్డు లేని కారు అంటే దొంగలే, ఆపొద్దు" అని నేను చెప్పలేను. అలా చెబితే ఒక అమాయకుణ్ణి కేసులోకి తోసినట్టే.

మరి "ఎవరు ఆపినా ఆపెయ్" అని చెబుదామా? ఒంగోలు సంగతి గుర్తున్నవాళ్లెవరూ ఆ మాట అనరు.

2008 ప్రాంతంలో జరిగింది. ఒంగోలు దగ్గర చెన్నై-కలకత్తా రహదారి మీద మున్నా అనేవాడి ముఠా అధికారుల్లా నటిస్తూ ఇనుము లోడుతో వెళ్లే లారీలను ఆపేది. కాగితాలు చూపించమనేవాళ్లు. డ్రైవర్లను, క్లీనర్లను మెడకు తాడు బిగించి చంపి పూడ్చిపెట్టేవాళ్లు. సరుకు అమ్ముకుని, లారీని కూడా ముక్కలు చేసి తుక్కు కింద వదిలించుకునేవాళ్లు. తన లారీ కనపడటం లేదని తమిళనాడు యజమాని ఒకాయన ఇచ్చిన ఫిర్యాదుతో తీగ కదిలింది. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష విధించింది.

అప్పట్లో ఈ వార్తలు చదువుతుంటే నన్ను బాగా కలచివేసింది ఒకటే సంగతి. అంత పెద్ద లారీని ఆపడానికి వాళ్లకు తుపాకీ అవసరం కాలేదు. ఎత్తిన చెయ్యి చాలింది. చట్టానికి భయపడి, బుద్ధిగా బండి పక్కకు తీసినవాడే చనిపోయాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయం గుర్తొస్తుంది. యూదా నుండి ఒక దైవజనుడు బేతేలుకు వస్తాడు. యరొబాము రాజు ఎదుటే ధైర్యంగా దేవుని మాట చెబుతాడు. భోజనానికి రమ్మని, బహుమానం ఇస్తానని రాజు పిలిచినా వెళ్లడు. అక్కడ తినకూడదు, తాగకూడదు, వచ్చిన దారిన తిరిగి పోకూడదు అన్నది దేవుడు అతనికిచ్చిన ఆజ్ఞ. అంత గట్టివాడు దారిలో ఒక ముసలి ప్రవక్త ఎదురై, నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు, వెనక్కి రా అనగానే తిరిగి వెళ్లిపోయాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తర్వాత అదే దారిలో సింహం అతన్ని చంపింది. రాజు అధికారానికి లొంగనివాడు, అబద్ధంగా వేసుకున్న దేవుని అధికారానికి లొంగిపోయాడు. ఈ అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువ వింటాం. బోధకులకు ఇబ్బందిగా ఉంటుందేమో!

ఇస్సాకు సంగతి మీకు తెలిసిందే. గొంతు దగ్గరే ఆయనకు అనుమానం వచ్చింది. అది యాకోబు గొంతేనని పోల్చుకున్నాడు కూడా. కానీ చేతులు తడిమి, బట్టల వాసన చూసి సరిపెట్టుకున్నాడు. నకిలీ పోలీసు కూడా చేతులకు మేకతోలు కట్టుకునే వస్తాడు. ఖాకీ ప్యాంటు, పొట్టి క్రాపు, ఎర్ర బూట్లు, డ్యాష్‌బోర్డు మీద ఒక టోపీ, అద్దానికి ఒక స్టిక్కరు. ఇవన్నీ బజారులో దొరికేవే.

చట్టం ఏం చెబుతుందో కూడా కొంచెం తెలుసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించాలి. "యూనిఫాంలో" అన్న మాట చట్టంలోనే ఉంది. అరెస్టు చేసే అధికారి పేరు, హోదా స్పష్టంగా కనపడేలా పెట్టుకోవాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ మాట ఉంది. స్త్రీని సోదా చేయాల్సి వస్తే స్త్రీయే చేయాలి. పోలీసునని అబద్ధమాడి ఆ అధికారం చలాయించినవాడికి భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు. కాబట్టి "సార్, మీ ఐడీ కార్డు ఒకసారి చూపిస్తారా" అని అడిగితే మనం చట్టాన్ని ఎదిరించినట్టు కాదు.

ఇక ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇదీ. మన సంఘంలో బండి నడిపే ప్రతివాడూ వినాలి.

పోలీసు జీపు ఉండి, యూనిఫాంలో మనుషులుండి, బారికేడ్లు పెట్టి ఆపితే వెంటనే ఆపు. అక్కడ తర్కం లేదు. అలాకాకుండా చీకట్లో గుర్తులేని కారు వెంటబడి ఆపమంటే స్పీడు పెంచొద్దు. పెంచితే నిజం పోలీసు నువ్వు పారిపోతున్నావనుకుంటాడు, దొంగ ఇంకా తరుముతాడు. వేగం తగ్గించి, నాలుగు ఇండికేటర్లూ వేసి, చూశాను, ఆపుతాను అన్నట్టు చెయ్యి ఊపి, వెలుతురు, మనుషులు ఉన్న చోటుదాకా మెల్లగా పోనిచ్చి ఆపు. టోల్‌గేటు అయితే మంచిది, కెమెరాలుంటాయి. లేదా పెట్రోలు బంకు, లారీలు ఆగి ఉన్న దాబా. ఇంజను ఆపకు, తలుపులు లాక్ వేసుకో, క్యాబిన్‌లో లైటు వెయ్యి, చేతులు స్టీరింగు మీద కనపడేలా పెట్టు. అద్దం నాలుగు వేళ్లు పట్టేంత దించు. "సార్, చీకట్లో భయమేసి ఇక్కడిదాకా వచ్చాను" అని మర్యాదగా చెప్పు. నిజమైన అధికారి విసుక్కుంటాడేమో, కానీ అర్థం చేసుకుంటాడు. పేరు, హోదా, ఏ స్టేషనో అడుగు. కార్డు ఫొటోనూ మనిషినీ పోల్చి చూడు.

అప్పటికీ అనుమానం తీరకపోతే 112కు ఫోను చెయ్యి. దేశమంతటికీ అదే నంబరు. ఫలానా చోట, ఫలానా నంబరు కారు, ఫలానా పేరు చెబుతున్నారు, వీళ్లు మీ మనుషులేనా అని అడుగు. వాళ్లిచ్చిన నంబరుకు మాత్రం చెయ్యకు. ఆ ఫోను ఎత్తేది వాళ్ల మనిషే కావచ్చు. లైసెన్సు, ఆర్‌సీ డిజీలాకర్‌లో గాని ఎంపరివాహన్‌లో గాని పెట్టుకుంటే ఫోనులో చూపించవచ్చు, అవి చెల్లుతాయి. జరిమానా అంటే చలానా రాయమను, రసీదు లేకుండా చేతికి డబ్బు ఇవ్వకు. డ్రైవరూ క్లీనరూ ఇద్దరూ ఒకేసారి దిగొద్దు.

అడ్డం పెట్టి తలుపు గుంజితే హారన్ మీద చెయ్యి తీయకు, 112 లైనులోనే ఉండు. డబ్బు అడిగితే పడెయ్, సరుకు అడిగితే పోనివ్వు. మిర్చి పంట మళ్లీ పండుతుంది. యజమాని తిట్టినా సరే, ఆయనతో నేను మాట్లాడతాను.

మోటారు సైకిలు మీద పోయేవాడికి తలుపులుండవు, తాళాలుండవు. వాళ్లు మనుషులున్న చోటే ఆపాలి. రాత్రి పదింటి తర్వాత ఒంటరిగా పోకుండా ఉంటే ఇంకా మంచిది.

ఒక మాట అడ్డంగా చెప్పాలి. ఈ సలహా డిక్కీలో తెలంగాణ సీసాలు పెట్టుకుని వచ్చేవాడికి కాదు. వాడు ఎవరో వాడికి తెలుసు, ఏ వరసలో కూర్చుంటాడో నాకూ తెలుసు.

ఆడవాళ్లు ఇది డ్రైవర్ల గొడవ అనుకోవద్దు. టౌన్లలో జరిగేది మీరు వినే ఉంటారు. బజారులో పోతున్న పెద్దామెను ఇద్దరు ఆపి, "మేం పోలీసులం, ముందు వీధిలో గొలుసు దొంగతనం జరిగింది, నగలు తీసి కర్చీఫులో కట్టుకోమ్మా" అంటారు. వాళ్లే మూట కట్టి ఇస్తారు. ఇంటికెళ్లి విప్పితే రాళ్లు. ఇప్పుడు అది ఫోనులోకి వచ్చింది. వీడియో కాల్‌లో ఖాకీ బట్టలు వేసుకుని "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అంటారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఈ మాటే చెప్పారు. డబ్బు పోతే వెంటనే 1930కు చెప్పండి.

మనవాళ్లకు అసలు కష్టం మరొకటి ఉంది. మన సంఘంలో చాలామంది తాతలు కరణం ముందు, మునసబు ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడినవాళ్లు. "ఎవరండీ మీరు" అని అడగడం మన నోటికి అలవాటు లేదు. అడిగితే దెబ్బ పడుతుందన్న భయం మన ఒంట్లోనే ఉంది, అది ఊరికే వచ్చిన భయం కాదు. పైగా రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి అధికారులకు లోబడాలి కదా అయ్యగారూ అంటారు. లోబడాలి. కానీ ఆ పత్రిక రాసిన పౌలే యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టివేయబడినప్పుడు శతాధిపతిని ఒక ప్రశ్న అడిగాడు. విచారణ లేకుండా రోమా పౌరుణ్ణి కొట్టడం మీ చట్టంలో ఉందా అని. అపొస్తలుల కార్యములు 22లో చూడండి. ఫిలిప్పీలో అయితే, రహస్యంగా వెళ్లిపొమ్మన్న న్యాయాధిపతులను మీరే వచ్చి బయటికి తీసుకెళ్లండి అన్నాడు. వాళ్లు వచ్చారు. పౌలు అరవలేదు, తిరగబడలేదు. అడిగాడు. అడిగినందుకు దేవుడు అతన్ని గద్దించినట్టు నాకు బైబిల్లో ఎక్కడా కనపడలేదు.

మన పరిటాల చరిత్ర కూడా ఒకటుంది. 1947లో నిజాం జాగీరుగా ఉన్న ఈ ఊరు, చుట్టుపక్కల ఊళ్లతో కలిసి, ఆయన అధికారం మాకొద్దని సొంత ప్రభుత్వం ప్రకటించుకుంది. నీ అధికారం ఎక్కడిది అని నిజామునే అడిగిన ఊరివాళ్లం, చీకట్లో ఆపినవాణ్ణి కార్డు చూపించమని అడగలేమా?

వచ్చే శుక్రవారం రాత్రి ప్రార్థనకు మొగులూరు నుండి, గని ఆత్కూరు నుండి బండ్ల మీద వచ్చేవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి రండి, కలిసి వెళ్లండి. ఫోన్లలో 112 నొక్కడం రాని పెద్దవాళ్లకు ఆదివారం ఆరాధన తర్వాత యూత్ పిల్లలు నేర్పిస్తారు. కంచికచర్ల స్టేషను నంబరు కూడా మందిరం నోటీసు బోర్డు మీద పెడుతున్నాం. కళ్లజోడు లేకపోయినా కనపడేంత పెద్ద అక్షరాలతో రాయమన్నాను.