లోని విలువయు, పరులకైన పనియు

మనుష్యుడు ఒకటి రెండు పూటలు అన్నము లేక యుండగలడు గాని, తాను ఎందుకును కొఱగానివాడనను తలంపుతో ఒక్క రాత్రియైనను నెమ్మదిగా నిద్రింపజాలడు. ఈ విషయమున ధనికునకును దరిద్రునకును, పండితునకును పామరునకును భేదము లేదు. తన బ్రదుకునకు ఒక విలువ కలదని ప్రతివాడును నమ్మగోరును. అయితే ఆ విలువ యెచ్చటినుండి వచ్చునని యడిగినచో మనలో పెక్కుమందిమి తిన్నగా ఉత్తరము చెప్పజాలము. కొందఱు మార్కులనుండి యందురు, కొందఱు జీతమునుండి యందురు, మఱికొందఱు నలుగురి మెప్పునుండి యందురు. ఇవన్నియు ఒకరు మనకిచ్చునవి. ఇచ్చినవారు ఎప్పుడైనను తిరిగి తీసికొనగలరు. ఎరువుసొమ్ము బరువుచేటని మన పెద్దలు ఊరకయే చెప్పలేదు.

కావున విలువను ఎవరికివారు తమలోపలనే కట్టుకొనవలెననియు, అటుల కట్టుకొన్నవారే పరులకు సాయపడెడి వృత్తులలో కడవఱకు నిలువగలరనియు మా యభిప్రాయము. దానినే ఈ వ్యాసమున కొంచెము విశదీకరింపదలచితిమి.

ఈ యభిప్రాయము మాకు గ్రంథములవలన కలుగలేదు. మేము నివసించుచున్న దిల్‌సుఖ్‌నగరు వీథులలో తిరుగుచుండగా కలిగినది. దిల్ అనగా హృదయము. సుఖ్ అనగా సుఖము. పేరు ఇంత చల్లనిదైనను ఈ పేటకు వచ్చు యువజనుల హృదయములలో సుఖము తక్కువయే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబ్‌నగరు మొదలగు ప్రాంతములనుండి వారు పెట్టెబేడలతో వచ్చి, ఎల్.బి. నగరు కూడలిలో బస్సు దిగి, చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారము సందులలోని హాస్టళ్లలో చేరుదురు. ఒక్కొక్క గదిలో ముగ్గురో నలుగురో ఉందురు. ఒకడు పోలీసు ఉద్యోగమునకును, ఒకడు గ్రూపు పరీక్షలకును, ఒకడు బ్యాంకు పరీక్షకును చదువుచుండగా, వేఱొకడు కంప్యూటరు విద్య నేర్చుకొనుచుండును. కోచింగు సెంటర్ల ముందట ర్యాంకులు వచ్చినవారి ఫోటోలు పెద్ద పెద్ద ఫ్లెక్సీలమీద వ్రేలాడుచుండును. ఒక ఫ్లెక్సీమీద పదిమంది ముఖములుండును. ఆ పదిమందితో కూడ ఒకే తరగతిలో కూర్చుండి చదివిన మిగిలిన వందలమంది దాని క్రిందుగా దినదినమును నడచిపోవుదురు. వారు తమ్మునుగూర్చి తాము ఏమని తలంచుకొందురో ఎవరును అడుగరు.

సంక్రాంతికి ఇంటికి పోని యువకులను మేమెఱుగుదుము. "ఊరికి పోలేదేమి నాయనా?" అని యొకనిని మేము అడుగగా, "పోతే ఏమొచ్చిందని అందరు అడుగుతరు సార్. ఏం చెప్పాలె?" అని తలవంచుకొనెను. వాడు సోమరి కాడు, దుర్మార్గుడు కాడు. తల్లిదండ్రులయెడ ప్రేమ లేనివాడును కాడు. తన విలువ యంతయు ఒక జాబితాలోని అంకెకు తగిలించుకొనినవాడు. ఆ యంకె రానందున వానికి స్వగృహమే పరగృహమయ్యెను.

అంకెలు ఎంతవఱకు నమ్మదగినవో తెలుపు ఒక సంగతి 2019 ఏప్రిలులో జరిగినది. తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినప్పుడు వానిలో తప్పులు దొరలెనని గగ్గోలు పుట్టెను. తెలుగు పరీక్షలో ఒక బాలికకు మొదట సున్న వేసిరి. తిరిగి చూచినప్పుడు అదే పత్రమునకు 99 మార్కులు వచ్చెను. ఆ బాలిక మాఱలేదు, ఆమె వ్రాసిన పత్రము మాఱలేదు. కొలిచినవారి లెక్క మాఱెను. ఆ దినములలోనే రాష్ట్రమున ఇరువదిమందికి తక్కువగాని విద్యార్థులు నిరాశచే ప్రాణములు తీసికొనిరను మాట తలంచినచో నేటికిని మా గుండె చెఱువగును. తప్పు దొరలని చోటను మార్కు పత్రమునకు వేసినదే గాని వ్రాసిన మనుష్యునకు వేసినది కాదు. మనసు కుంగినవారు ఏ వేళనైనను మాటాడుటకు టెలి మానస్ అను ఉచితసేవ 2022లో మన దేశమున ప్రారంభమైనది. దాని నంబరు 14416. ఈ నంబరును ప్రతి హాస్టలు గోడమీదను పెద్ద యక్షరములతో వ్రాయింపవలెనని మా కోరిక.

అయితే విలువను లోపల కట్టుకొనుట యెట్లు? అద్దము ముందు నిలిచి "నేను గొప్పవాడను" అని పదిమాఱులు పలికినంతమాత్రమున అది రాదు. అటుల వచ్చునది అహంకారము. అహంకారి తాను ఇతరులకంటె హెచ్చని ఎల్లప్పుడును నిరూపించుకొనుచుండవలెను గనుక వానికి విశ్రాంతి లేదు. ఆత్మగౌరవము గలవానికి ఈ పోలికతో పనిలేదు. అది చిన్న చిన్న పనులతో పునాదినుండి కట్టవలసిన గోడ. అయిదుగంటలకు లేచెదనని తనకు తాను చెప్పుకొన్నవాడు అయిదుగంటలకు లేచుట, ఎవరును చూడనప్పుడు సయితము కాపీ కొట్టకుండుట, చేతబట్టిన పనిని సరిగ వచ్చువఱకు విడువకుండుట, ఇవియే దాని యిటుకలు. ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క యిటుక చాలును. దైవము మానవుని తన స్వరూపమున సృజించెనని మన పాఠశాలలో చిన్ననాటినుండి బోధించుచున్నారు. ఆ పాఠము మనకు కంఠస్థమే గాని, ఫలితములు వచ్చెడి దినమున మాత్రము మఱచిపోవుదుము.

మా యెఱుకలో నల్లగొండ జిల్లా పల్లెనుండి వచ్చిన ఒక బాలిక కలదు. వైద్యకళాశాలలో సీటుకొఱకు ఆమె రెండు పర్యాయములు పరీక్ష వ్రాసెను. రెండు పర్యాయములును సీటు రాలేదు. మూడవమాఱు చదువుచున్న యేట వానకాలమున, గదిలోని తోడి బాలికకు డెంగీ జ్వరము వచ్చెను. ఆ పిల్ల తల్లిదండ్రులు ఊరినుండి వచ్చులోపల ఈమెయే ప్రక్కన కూర్చుండి, గంటగంటకు జ్వరము చూచి, ఎన్ని గ్లాసుల నీరు త్రాగెనో, ఎన్నిమాఱులు వాంతి యయ్యెనో ఒక కాగితముమీద వ్రాసి, ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయి ఆ కాగితమును డాక్టరు చేతికిచ్చెను. డాక్టరు దానిని చూచి, "ఇది వ్రాసినదెవరు?" అని యడిగి, వేఱుమాట లేక చికిత్స మొదలుపెట్టెనట. తరువాత ఆ బాలిక మాతో, "డాక్టరు సారు మెచ్చుకోలేదు సార్. కాని ఆ కాగితం సక్కగ రాసిన్నని నాకు తెలిసింది" అనెను. ఆ యేడు ఆమె పరీక్షకు పోక బి.ఎస్సీ. నర్సింగులో చేరెను. "డాక్టరు గాలేక నర్సయిందని ఊళ్లె అంటరు బిడ్డా" అని తండ్రి నొచ్చుకొనెను. "అననీయ్ నాయినా. జొరమొచ్చిన్నాడు వాళ్లే పిలుస్తరు" అని యామె ప్రత్యుత్తరము. నాలుగేండ్ల చదువు ముగించి, ఇప్పుడు ఒక పెద్దాసుపత్రిలో అత్యవసర విభాగమున రాత్రి డ్యూటీ చేయుచున్నది. ఓటమిచే ఆమె నర్సు కాలేదు. తన చేతులు ఏ పనికి తగినవో ఒక రోగి మంచము ప్రక్కన కనుగొని నర్సయ్యెను.

ఇంతకంటె పెద్ద నిదర్శనము మన తెలుగువారిలోనే కలదు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమాఱులు తప్పి మూడవమాఱు ఉత్తీర్ణులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలువడిరి. అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి చదువుకొనుచు, పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరుగా కుదిరి రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలిసి శరీరమునందలి శక్తికి ఆధారమైన ఎ.టి.పి. అను పదార్థమునుగూర్చి 1929లో ప్రకటించియు, అచ్చట స్థిరమైన పదవిని పొందజాలక పోయిరి. 1940లో లెడర్లీ అను ఔషధ పరిశోధనశాలలో చేరిరి. వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారుచేయు విధానమును, కాన్సరు చికిత్సలో నేటికిని వాడుచున్న మెథోట్రెక్సేటును, బోదకాలు వ్యాధికి డి.ఇ.సి. అను మందును లోకమునకు లభించినవి. వారి సోదరుడొకరు స్ప్రూ అను పేగులవ్యాధిచే చనిపోయియుండెను. ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందయ్యెను. 1948లో వారు కీర్తిశేషులైరి. నోబెలు బహుమతి వారికి రాలేదు.

ఈ మహనీయుని లోకము కొలిచిన కొలతలన్నియు తక్కువగనే యుండెను. పరీక్ష, పట్టము, పదవి, బహుమతి, వీనిలో ఏదియు వారికి సకాలమున సరిగ లభింపలేదు. వారు ఆ కొలతలను నమ్మి కూర్చుండిన, నేడు మన వీథిలో ఆశా కార్యకర్త యింటింటికి తిరిగి బోదకాలు రాకుండ మ్రింగించెడి మాత్ర ఉండెడిది కాదు. ఆ మాత్రను కనుగొన్నవారును, గుమ్మమున నిలిచి దానిని మ్రింగించునామెయు ఒకే గొలుసులోని లంకెలు. ఈ లంకె పెద్దది, ఆ లంకె చిన్నది అని గొలుసు ఎఱుగదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. తనలో విలువ లేదని తలంచి, దానిని సంపాదించుకొనుటకై పరసేవకు దిగువాడు త్వరలోనే అలసిపోవును. వాడు రోగికి నీళ్లిచ్చి కృతజ్ఞతకొఱకు ఎదురుచూచును. రోగి నొప్పిచే విసుగుకొన్నచో వీడు నొచ్చుకొనును. పరుల దుఃఖము వీనికి మెప్పు పండించెడి పొలమగును. నిండిన కుండనుండియే ఇతరుల చెంబులో నీరు వంపగలము. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారిని ఈ సందర్భమున స్మరింపవలెను. రాజా నర్సాగౌడుగారను హిందూదాత ధనసాయము చేసిరి. ఆ కాలమున ఆ వ్యాధికి సూదితో ఎక్కించెడి నూనెమందే ప్రధానమైన చికిత్స. గుణము మెల్లమెల్లగా కనబడునది, కొందఱికి కనబడనిది. ఊరివారు వెలివేసిన పుండ్లను దినదినమును కడుగువారు మెప్పుకొఱకు కడిగినచో ఎన్నాళ్లు కడుగగలరు? లోపల తరుగని దేదో యున్నవారే అట్టి పనిలో నిలువగలరు.

విద్యార్థులారా! మీ చుట్టునే పని కాచుకొనియున్నది. కొత్తపేటలో ఏండ్లతరబడి బత్తాయిలును మామిడిపండ్లును తూచి అమ్మిన పండ్లమార్కెటు స్థలమున 2022లో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. అట్టి ఆసుపత్రులకు డాక్టర్లు మాత్రము చాలరు. నర్సులు, పరీక్షశాల పనివారు, మందులిచ్చువారు, రోగి బంధువులకు దారిచూపువారు అందఱును కావలెను. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదుననే ప్రారంభమైన 108 అంబులెన్సులలో ప్రాణము నిలుపు పని నేర్చినవారు కావలెను. మందబుద్ధులని లోకము ప్రక్కకు నెట్టిన బిడ్డలకు చదువుచెప్పు విద్యను నేర్పెడి జాతీయసంస్థ సికింద్రాబాదులో 1984నుండియు కలదు. సరూర్‌నగరున నూఱేండ్లకు పైగా తల్లిదండ్రులు లేని పిల్లలకు నీడనిచ్చుచు వచ్చిన విక్టోరియా మెమోరియల్ హోము మన మెట్రో రైలు దారిలోనే యున్నది. ఒక స్టేషనుకు దాని పేరే పెట్టిరి. ఆ స్టేషను మీదుగా పోవునప్పుడు, ఒక పిల్లవానికి లెక్కలు చెప్పుటకు వారమునకు ఒక గంట దొరకునా యని మిమ్ము మీరు అడుగుకొనుడు.

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగరులో రెండు బాంబులు ప్రేలెను. ప్రాణములు గోల్పోయినవారిలో విద్యార్థులును ఉండిరి. ఆ పొగలో ప్రక్కనున్నవారు గాయపడినవారిని ఎత్తి, దొరికిన బండిలో ఆసుపత్రులకు చేర్చిరి. ఎత్తినవానిని నీ ర్యాంకెంత యని ఎవరును అడుగలేదు. రక్తమిచ్చినవానిని నీ జీతమెంత యని అడుగలేదు. మనుష్యుని నిజమైన విలువ అట్టి గడియలలో బయటపడును. కాని అది ఆ గడియలో పుట్టదు. అంతకుముందు ఎవరును చూడని దినములలో కట్టుకొన్నదే అప్పుడు అక్కఱకు వచ్చును.

వృత్తిని ఎన్నుకొనబోవువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరును మెచ్చకున్నను ఏ పనిని నేను సరిగ చేయుదును? ఎవరి కష్టమును చూచినప్పుడు నా కాళ్లు తమంతట తామే అటు నడచును? ఆ కష్టము తీర్చుటకు నేను నేర్వవలసిన విద్య యేది? మొదటిదానికి ఉత్తరము లేనిచో రెండవది ఉత్త జాలియగును. మూడవదానికి ఉత్తరము లేనిచో ఆ జాలి యెవరికిని ఉపకరింపదు. మంచి మనసుతో తప్పుమందు ఇచ్చినను అది తప్పుమందే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫలితములు వచ్చిన దినమున బిడ్డ గుమ్మములో అడుగుపెట్టగనే మార్కులడుగకుడు. అన్నము తిన్నావా యని యడుగుడు. మార్కుల మాట మఱునాటికైనను తెలియును. తాను ఈ యింట కావలసినవాడనను సంగతి మాత్రము వానికి ఆ దినముననే తెలియవలెను.