ఇందులో మీవాళ్లేరీ?

మొన్నామధ్య జూబ్లీహిల్స్‌లో ఒక కాలనీవాళ్లు 'రోజువారీ బతుకు, ప్రకృతి' అని ఫోటోల పోటీ పెట్టారు. ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి మేమూ ఒకటి పంపాం. బండరాయి మీద ఆరేసిన అమ్మీ దుపట్టా, దానిమీద వాలిన పిచ్చుక.

"బాగుంది భాయ్, కానీ ఇందులో మీవాళ్లేరీ?" అన్నాడు తీసుకున్నాయన.

బుర్ఖా, చార్మినార్, నమాజు వరసలు. వాటిల్లో ఉంటేనే మేం. సినిమాల్లోనూ అంతే: గళ్ల లుంగీ, మెళ్లో తాయెత్తు. ఆ వేషాలు కుట్టేదీ మా మామూజానే!

ఈ ఊళ్లోనే 1892లో రాజా దీన్‌దయాళ్ పరదా ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచాడు. మగవాళ్లకు ప్రవేశం లేదు, ఫోటోలు తీసింది ఒక ఇంగ్లీషామె. మా బస్తీవాళ్లకు అంత స్తోమత ఎక్కడిది, అది వేరే మాట. అయినా కెమెరా మాకు కొత్తదేం కాదు.

బహుమతి కేబీఆర్ పార్కు నెమలికొచ్చింది. 1998లో జాతీయ పార్కయిన ఆ అడవి ఒకప్పుడు ఏడో నిజాం మనవడి చిరాన్ ప్యాలెస్ ఆవరణ. నెమలిని మాత్రం నీవాళ్లేరీ అని ఎవరూ అడగలేదు.

ఫోటో ఇంటికి తెచ్చాం. దుపట్టా చిరుగు ఊరందరికీ చూపించామని అమ్మీ రెండ్రోజులు మాట్లాడలేదు.