పాకం చల్లారకముందే



ఈ క్రిస్మస్‌కి సండేస్కూలు పిల్లలకు కొన్న చాక్లెట్లు పంచలేదు. ఇంట్లో తేనె జీళ్ళు చేసి, పొట్లాలు కట్టి పంచాం. ఆ ఫోటోలు చూసి ఎలా చేశారో రాయమని మీలో కొందరు అడిగారు. రాస్తాం. కానీ ఆ జీళ్ళ సంగతి రాయాలంటే మా తప్పు కూడా రాయక తప్పదు.

జీళ్ళంటే మీకు తెలుసు. తీర్థాల్లో నువ్వులద్ది అమ్మే బెల్లం మిఠాయి. పళ్ళకి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. అందరూ ఒట్టి బెల్లంతో చేస్తారు. మనది మన్యం అంచు ఊరు కనుక, కొండ నుంచి సంతకి తేనె దిగినప్పుడు కొందరు పెద్దవాళ్ళు పాకంలో తేనె కూడా పోసేవారు. ఆ పాకం తెలిసినవారు ఇప్పుడు మన సంఘంలో ఒక్క మామ్మగారే. ఆవిడ పది నెలలుగా మా గుమ్మం తొక్కలేదు.

కారణం మేమే. కిందటి కోత పండుగ కానుకల లెక్కలో ఆరు వందలు తేడా వచ్చింది. స్త్రీల సమాజం డబ్బు మామ్మగారి చేతిలో ఉండేది. ఆవిడకి చదువు రాదు. ఆరాధన అయ్యాక, జనం ఇంకా లేవకముందే, లెక్క రానివాళ్ళు డబ్బు ఎందుకు పట్టుకోవాలని మా నోటి నుంచి వచ్చేసింది. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు కోళ్ళు అమ్మి ఆ ఆరు వందలూ మనవడి చేత పంపించారు.

వేసవిలో పుస్తకం తిరగేస్తుంటే తప్పు దొరికింది. ఒక పేజీ కూడికలో మేమే పొరబడ్డాం. అంకె దిద్దాం. ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ గడిపేశాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడే సంగతి మత్తయి 5వ అధ్యాయంలో ఉంది. ఆ వేసవిలోనే దాని మీద ప్రసంగం కూడా చేశాం. ఆ రోజు మామ్మగారు వెనక చాపలో కూర్చుని విన్నారు.

డిసెంబరులో పిల్లలు జీళ్ళు కావాలన్నారు. ఇంక ఆవిడ ఇంటికి వెళ్ళక తప్పలేదు. ప్రభువు మమ్మల్ని అలా నడిపించాడనే నమ్ముతున్నాం. వెళ్ళాం కానీ చెప్పవలసింది చెప్పలేదు. జీళ్ళ మాట మాత్రం అడిగాం. ఆవిడ కాసేపు ఊరుకుని, "పిల్లల కోసమైతే వస్తాను" అన్నారు.

సంతలో తేనె దొరకలేదు. 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొంటున్న గిరిజన సహకార సంస్థ తేనె సీసా తెచ్చాం. కిలో బెల్లానికి పావుకిలో తేనె. బెల్లం కరిగించి, వడకట్టి, పొయ్యి మీద పెట్టాలి. తేనె మొదటే పోస్తే వాసన పోతుంది. బెల్లం ఉండపాకం వచ్చాకే పోయాలి. పోయగానే బుసబుసా పొంగుతుంది, కాబట్టి గిన్నె పెద్దది కావాలి. తేనె కలిస్తే పాకం పలుకులు కట్టకుండా సాగుతుంది. కానీ తేనెలో నీరుంటుంది గనుక మళ్ళీ ముదరనివ్వాలి. చన్నీళ్ళలో చుక్క వేసి తీసి, పళ్ళేనికి కొడితే టంగుమనాలి. అప్పుడు యాలకుల పొడి వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోయాలి.

అసలు పని ఆ తర్వాతే. ముద్దని లాగాలి, మడవాలి, మళ్ళీ లాగాలి. గాలి చేరేకొద్దీ నల్లటి పాకం బంగారు రంగుకి తిరుగుతుంది. మేకుకి తగిలించి ఒక్కరే లాగవచ్చు. మా వంటింట్లో మేకు లేదు. "ఆ చివర మీరు పట్టుకోండి అయ్యగారూ" అన్నారు మామ్మగారు. ముద్ద పొగలు కక్కుతుంటే వెనక్కి తగ్గాం. ఆవిడ అన్నారు: "ఇప్పుడే పట్టుకుంటే చెయ్యి కాలుద్ది. బాగా చల్లారాక పట్టుకుంటే విరిగిపోద్ది. మధ్యలో కాసేపే ఉంటదండీ."

ఆ మాట మా గుండెకి తగిలింది. కోత పండుగ నాడు వేడి మీద మాట్లాడాం. ఆ తర్వాత పది నెలలు చల్లారబెట్టాం. ఇద్దరి చేతులకీ పాకం అంటుకుని ఎవరూ కదల్లేని ఆ వంటింట్లో, అంకె తప్పు మాదేనని అప్పుడు చెప్పాం. క్షమించమని అడిగాం.

ఆవిడ లాగడం ఆపలేదు. "చల్లారిపోద్ది, లాగండి" అన్నారు. ముద్ద తెల్లబడ్డాక, నువ్వులద్దుతూ నెమ్మదిగా అన్నారు: "అన్నది అందరిలో కదండీ. చెప్పేది నా ఒక్కదానికేనా?"

మరుసటి ఆదివారం సంఘంలో చెప్పాం. ఆరు వందలూ తిరిగి ఇచ్చాం. ఆ రోజు ఆరాధనకి రాని మీకు ఇక్కడ చెబుతున్నాం. తప్పు మాది. మామ్మగారి లెక్కలో ఒక్క పైసా తేడా లేదు.

అంతా సర్దుకుందని అనలేం. ఆవిడ కొడుకు ఇంకా గుడికి రావడం లేదు. స్త్రీల సమాజం డబ్బు మళ్ళీ పట్టుకోమంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. అయినా మొన్న మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్ళారు. ప్రస్తుతానికి దేవునికి స్తోత్రం చెప్పడానికి అది చాలు.

సామెతలు 16వ అధ్యాయంలో జ్ఞాని మంచి మాటని తేనెపట్టుతో పోల్చాడు. తేనె సీసా మా చేతిలోనే ఉంది, మంచి మాట మాత్రం పది నెలలు నోట్లోనే ఉండిపోయింది. మీలో ఎవరికైనా అలా ఆగిపోయిన మాట ఉంటే, ఇంకా చల్లారనివ్వకండి.

జీళ్ళు చేసేవారికి రెండు జాగ్రత్తలు. మబ్బు రోజున చేయకండి. తేనె గాలిలో తేమని లాగుతుంది, జీళ్ళు కారిపోతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఏడాది నిండని పిల్లలకి తేనె ఏ రూపంలోనూ నాకించకండి.

మీ కోసం ప్రార్థిస్తున్నాం. మా కోసం, మామ్మగారి కొడుకు కోసం మీరూ ప్రార్థించండి. ఆమేన్.