చేవెళ్ల తోటలో వేళ్లకి తోడు

మా చెల్లెల్ని ఇచ్చింది చేవెళ్ల దగ్గర పల్లెటూరు. మొన్న మాఘమాసంలో రమ్మని ఒకటే పోరు పెడితే, పిల్లల సెలవులు చూసుకుని బయలుదేరాను. మెహదీపట్నంలో బస్సెక్కి మొయినాబాద్ దాటేసరికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. రోడ్డు పక్కన ముసలి మర్రిచెట్లు, వాటి వెనక పూలతోటలు, కూరగాయల మళ్లు. అక్కడక్కడ తెల్లగా మెరిసే ప్లాస్టిక్ పందిళ్లు. అవే పాలీహౌస్‌లు.

చెల్లెలు వాళ్లకీ అరెకరంలో ఒకటుంది. అందులో కీర వేశారు. పురుగు దూరకుండా ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. గుమ్మంలో మందునీళ్లు తొక్కి లోపలికి వెళ్లాను. తాళ్లు పట్టుకుని పాకిన తీగలు నా తలని దాటిపోయాయి. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఒకటే ఉక్క!

"నిరుడు చూస్తే ఏడ్చేదానివక్కా" అంది చెల్లెలు. నిరుడు పిందె పడేవేళ మొక్కలు పగలు వాడిపోయి సాయంత్రానికి తేరుకునేవట. వారం తిరిగేసరికి తేరుకోవడం మానేశాయి. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగులో మెత్తబడి, పట్టుకుంటే పైపొట్టు ఊడొచ్చేదట. వేరుకుళ్లు తెగులు. ఎన్ని మందులు పోసినా సగం తోట పోయింది. అప్పు వాయిదా కట్టడానికి దాని నాలుగు గాజులూ తాకట్టుకి వెళ్లాయి. నాకు ఒక్కమాట చెప్పలేదు చూడండి!

"పందిట్లో ఎప్పుడూ తడి, ఎప్పుడూ వెచ్చన, అదే మట్టిలో మళ్లీ అదే పంట. తెగులుకి ఇంతకన్నా ఏం కావాలి వదినా?" అన్నాడు మా మరిది.

ఈసారి వాళ్లు సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే మేలుచేసే బ్యాక్టీరియా పొడి తెచ్చారు. నాకా పేరు నోరు తిరగలేదు. "పెరుగు తోడనుకో అక్కా" అని నవ్వింది చెల్లెలు. నిజంగా అంతే. ఆ సూక్ష్మజీవులు వేళ్ల చుట్టూ ముందే కాపురం పెట్టేస్తాయి. పసుపుపచ్చ రంగు పదార్థం ఒకటి వదిలి, మట్టిలోని ఇనుమును పట్టేసుకుంటాయి. ఇనుము అందక తెగులు శిలీంధ్రం నీరసపడిపోతుంది. శిలీంధ్రాన్ని అణిచే మరికొన్ని పదార్థాలూ అవి తయారుచేస్తాయట.

రెండు కిలోల పొడిని వంద కిలోల బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, వేపపిండి చేర్చి, నీడలో గోనెపట్టాలు కప్పి, రోజూ నీళ్లు చిలకరించారు. పదిరోజులయ్యాక నాటకముందే మళ్లలో వేశారు. నారు మొదళ్లలో కూడా లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పోశారు.

అయితే మరిగే పాలల్లో తోడు వేస్తే పెరుగు అవుతుందా? ఇదీ అంతే. రసాయన మందులతో కలిపితే చచ్చిపోతుంది. ఎండలో పెట్టకూడదు, గడువు దాటిన పాకెట్ కొనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తెగులు రాకముందే వెయ్యాలి. కుళ్లిన వేరుకి ఇది ప్రాణం పొయ్యలేదు. తలుపు దగ్గర నీళ్లు నిలిచేచోట రెండు వరసలు ఈసారి కూడా పోయాయి. ఇప్పుడక్కడ కాలవ తీశారు.

చెల్లెలు ఒక మొక్క పీకి చూపించింది. వేళ్లు తెల్లగా, కుచ్చులా ఉన్నాయి. మా మరిది మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

మిద్దెమీద కుండీల్లో టమాటా, వంగ పెంచే అక్కచెల్లెళ్లు కూడా నారు పెట్టేటప్పుడే ఈ పొడి వాడుకోవచ్చు. మోతాదు పాకెట్ మీద చూసుకోండి.

బస్సెక్కించడానికి వచ్చినప్పుడు చెల్లెలు సంచీనిండా కీరకాయలు పెట్టింది. దాని చేతికి రెండు గాజులు కనిపించాయి. "మిగతా రెండూ?" అన్నాను. "వచ్చే పంటకక్కా" అంది.