మరపు

కొలతలిచ్చి చేయించుకున్న సైకిలు ఇంటికొచ్చిన రోజున చాలామందికి ఒక చిన్న నిరాశ ఎదురవుతుంది. పైకి చెప్పుకోలేని నిరాశ. కాలి పొడవు, చేతి పొడవు, భుజాల వెడల్పు అన్నీ కొలిపించుకుని, నెలల తరబడి ఎదురుచూసి, రంగు దగ్గర పది రోజులు మల్లగుల్లాలు పడి, తీరా ఎక్కి తొక్కితే అది పరాయివాళ్ళ సైకిల్లాగే ఉంటుంది. సీటు చెక్కలా ఉంటుంది. హ్యాండిలు మనసులో మాట ముందే కనిపెట్టినట్టు చటుక్కున తిరిగిపోతుంది, లేదంటే బతిమాలించుకుంటుంది. నాకోసమే చేసింది ఇలా ఉండడమేమిటని అనుమానం మొదలవుతుంది. ఈ నిరాశలో సైకిలు తప్పు తక్కువ, కొలత మీద మనం పెట్టుకున్న అతినమ్మకం తప్పు ఎక్కువ అని నా వాదన. రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి ప్రత్యేకంగా కట్టించుకున్న సైకిలు, కట్టినవాడి చేతిలోంచి బయటికొచ్చేసరికి పూర్తయిపోదు. చివరి పని ఇంకా మిగిలే ఉంటుంది. అది జరగాల్సింది రోడ్డు మీద, తొక్కేవాడి ఒంటితో. పల్లెల్లో కోడెను కాడికి మరపడం అంటారే, అలాంటి పని. మరపడానికీ మరిచిపోవడానికీ మన భాషలో ఒకే మాట ‘మరపు’ ఎలా కుదిరిందో పండితులు చెప్పాలి గానీ, సైకిలు విషయంలో మాత్రం మొదటి మరపు బాగా జరిగితేనే రెండో మరపు దక్కుతుంది. కింద సైకిలుందన్న సంగతే గుర్తుకు రాకుండా ఇంటి నుంచి ఆఫీసుదాకా వెళ్ళగలగడమే కదా కావలసింది.

కొలత ఎంతవరకు పనికొస్తుందో చూడాలంటే సీటు ఎత్తు కన్నా మంచి ఉదాహరణ లేదు. 1967లో హామ్లీ, థామస్ అనే ఇద్దరు ఇంగ్లండు పరిశోధకులు ఒక లెక్క చెప్పారు: పెడలు అట్టడుగున ఉన్నప్పుడు అక్కడినుంచి సీటు పైభాగం దాకా ఉండే దూరం, కాలి లోపలి పొడవులో 109 శాతం ఉండాలని. తర్వాత ఫ్రెంచి సైకిలు పందేల కోచ్ సిరిల్ గిమార్, ఆయన దగ్గర తయారైన పందెగాడు గ్రెగ్ లెమాండ్ వల్ల ఇంకో లెక్క ప్రచారంలోకి వచ్చింది: కాలి పొడవును 0.883తో గుణిస్తే, క్రాంకు ఇరుసు నుంచి సీటు దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుందని. కాలు 80 సెంటీమీటర్లు అనుకుందాం. మొదటి లెక్కలో 87.2 వస్తుంది, అందులోంచి 17 సెంటీమీటర్ల క్రాంకు తీసేస్తే 70.2. రెండో లెక్కలో 70.6. రెండు దారుల్లో వెళ్ళి నాలుగు మిల్లీమీటర్ల తేడాతో ఒకే చోటికి చేరామంటే లెక్క గట్టిదే అనిపిస్తుంది. గట్టిదే, కానీ ఎవరికి? ఒకటి ప్రయోగశాలలో కదలని సైకిలు మీద బలం కొలవడానికి పుట్టింది, రెండోది పందేల్లో. ఆ రెండు చోట్లా తొక్కినవాళ్ళెవరూ ప్రతి అరకిలోమీటరుకూ సిగ్నలు దగ్గర ఆగి కాలు నేలకు ఆనించేవాళ్ళు కారు. ఆఫీసు ప్యాంటుతో, మడమ ఉన్న బూట్లతో తొక్కేవాళ్ళు కారు. ఎడమ పక్క ఆటో, కుడి పక్క బస్సు ఉండగా సీటు మీంచి కిందికి జారి నిలబడే మనిషికి ఆ 70 సెంటీమీటర్లు ఒకటో రెండో తగ్గించాల్సి వస్తుంది. ఎంత తగ్గించాలో చెప్పే లెక్క లేదు. దారిలో ఎన్ని సిగ్నళ్ళున్నాయి, ఎన్ని ఎత్తులున్నాయి అన్నదాన్ని బట్టి మోకాళ్ళు ఒక మాటంటాయి, పాదాలు ఇంకో మాటంటాయి. రెండింటికీ రాజీ కుదరడానికి పక్షం రోజులో నెలో పడుతుంది.

హ్యాండిలు సంగతి ఇంకా చిక్కు. హెడ్డు గొట్టం గీతను నేలదాకా పొడిగిస్తే అది తాకే చోటుకూ, చక్రం నేలను తాకే చోటుకూ మధ్య ఉన్న దూరాన్ని ట్రెయిల్ అంటారు. సైకిలు కట్టేవాళ్ళు దీనిమీద గంటలకొద్దీ వాదించుకుంటారు. 34 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న చక్రం, 73 డిగ్రీల వాలులో హెడ్డు, ఫోర్కు 45 మిల్లీమీటర్లు ముందుకు వంగి ఉంటే ట్రెయిల్ సుమారు 57 మిల్లీమీటర్లు. అదే ఫోర్కును 65 మిల్లీమీటర్లు వంచితే 36కు పడిపోతుంది. వేలెడంత కూడా లేని ఈ తేడాతో సైకిలు స్వభావమే మారిపోతుంది. తక్కువ ట్రెయిల్ ఉన్నది ముందు బరువు వేసినప్పుడు బుద్ధిగా నడుస్తుంది. ఒకప్పుడు ప్యారిస్‌లో దినపత్రికల కట్టలు మోసిన సైకిళ్ళకు క్యారియరు ముందు చక్రం మీదే ఉండేది, వాటి వారసత్వం ఈనాటి ఆఫీసు సైకిళ్ళలో కొన్నిటికి ఉంది. ల్యాప్‌టాప్ సంచీ, టిఫిన్ క్యారియరు, వానకోటు ముందు పెట్టుకుంటానని చెప్పి కట్టించుకున్న మనిషి, తెచ్చిన రోజున వట్టి సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చి హ్యాండిలు మరీ తేలిగ్గా ఉందంటే, ఖాళీ బండికి కట్టి ఎద్దు సత్తా తేల్చినట్టే. పోనీ సంఖ్యలు చూసి స్వభావం మొత్తం చెప్పగలమా అంటే అదీ లేదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు కలిసి ఒక విచిత్రమైన బండి చేసి చూపించారు. అనుకూలమైన ట్రెయిల్ లేదు, చక్రాల గిరగిర వల్ల వచ్చే గైరోస్కోపు బలం లేదు. అయినా మనిషి లేకుండా తోసి వదిలితే పడిపోకుండా సాగింది. సైకిలు పడిపోకపోవడానికి చాలాకాలంగా చెప్పుకుంటూ వచ్చిన రెండు కారణాలూ లేకుండానే ఒక బండి నిలబడిందంటే, కాగితం మీద గీసిన నాలుగు గీతల్లోంచి రేపు చేతికి తెలియబోయే అనుభవాన్ని పూర్తిగా చదవగలనని కట్టేవాడు చెప్పడం సాహసమే. మంచి పనివాడు ఆ మాట అనడు కూడా.

ఇక సైకిలు తనంత తాను కుదురుకునే సంగతి. కొత్త చక్రం మొదటి వందగజాల్లో టింగు టింగుమని చప్పుడు చేస్తుంది. స్పోకు పుల్లలు బిగించేటప్పుడు కొంచెం మెలిపడతాయి, బరువు పడగానే ఆ మెలి విడిపోతుంది. హబ్బు రంధ్రాల్లో పుల్లల వంపు సరిగ్గా ఆనుకుంటుంది. ఓపికగా చక్రం కట్టేవాడు ఈ పనిలో చాలావరకు ముందే చేతులతో పిసికి చేసేస్తాడు గానీ, మిగిలినది రోడ్డు చేస్తుంది. అందుకే కొన్నాళ్ళకు ఒకసారి రిమ్ము బెండు తీయించాలి. బ్రేకు వైర్లు సాగాయంటారు. నిజానికి ఎక్కువగా జరిగేది వైరు సాగడం కాదు, దాని తొడుగు చివర్లు తమ గూళ్ళలో నొక్కుకుపోవడం. బ్రేకు రబ్బర్లు రిమ్ముకు ఒరుసుకుంటాయి. తోలు సీటయితే మరీ నిదానం, కూర్చునే ఎముకల కింద రెండు చిన్న గుంటలు పడేదాకా అది లొంగదు, ఆ గుంటలు పడ్డాక ఇంకొకరికి పనికిరాదు. ఫ్రేము మాత్రం మారదు. ఏడాది తొక్కితే ఉక్కు మెత్తబడిందని కొందరంటారు, మెత్తబడేది తొక్కేవాడి పట్టు. మొదటి వారం హ్యాండిలును పిడికిలి బిగించి పట్టుకున్న చెయ్యి నెల తిరిగేసరికి వేళ్ళు ఆనించి ఊరుకుంటుంది. అప్పుడు ఫ్రేము సుతిమెత్తగా అనిపిస్తుంది.

ఇంత సర్దుబాటు ఎలాగూ తప్పనప్పుడు డబ్బు పోసి చేయించుకోవడం దేనికి, కంపెనీ సైకిలు కొని సీటు ఎత్తు మార్చుకుంటే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి సమాధానం బొబ్బిలి వీణ దగ్గర దొరుకుతుంది. ఒకే పనసమానులోంచి కుండా దండీ తొలిచి, 24 మెట్లనూ మైనంలో నిలబెట్టి, మేళం కట్టి ఇస్తారు. మైనం కదులుతుంది, ఎండకూ వాడకానికీ మెట్లు తప్పుతాయి, కొన్నాళ్ళకు మళ్ళీ మేళం కట్టించాలి. అలాగని వీణ కొన్నవాడు కుండ లోతు తప్పిందనడు. సర్దుకునేవి వేరు, సర్దడానికి వీల్లేనివి వేరు. సైకిలులో సీటు, హ్యాండిలు, టైరులో గాలి సర్దుకునేవి. గొట్టాల పొడవు, వాటి మందం, ఫోర్కు వంపు, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉండాల్సిన సందు, ముందు చక్రం తిప్పినప్పుడు కాలివేలు తగలకుండా ఉండే దూరం, ఇవి ఒకసారి అతికాక అంతే. చివర్లలో దళసరిగా, మధ్యలో పలుచగా ఉండే గొట్టాలు చేసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌లోని రెనాల్డ్స్ వాళ్ళు 1897లోనే పేటెంటు తీసుకున్నారు. 65 కిలోల మనిషికీ 95 కిలోల మనిషికీ ఆ గొట్టాల్లో ఏ మందం వాడాలో ఎంచడం పనివాడి విద్య, కంపెనీ ఇద్దరికీ ఒకే మందం ఇస్తుంది. డబ్బు పోసింది ఆ ఎంపికకు. సర్దుబాటు అవసరమే రాకుండా చేస్తానని పనివాడు మాటివ్వలేదు, సర్దుబాటు అంగుళాల్లోంచి మిల్లీమీటర్లలోకి దిగేలా చేశాడు.

దీనికి ఎదురు దిశలోంచి వచ్చే మాట ఇంకా బలమైనది. మన ఊళ్ళలో మూడు తరాలు తొక్కినవి 22, 24 అంగుళాల ఫ్రేములే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40, రాడ్డు బ్రేకులు, పైన ఒక అడ్డకమ్మీ. పాలవాడూ పంతులుగారూ పోస్ట్‌మానూ అదే తొక్కారు. ఎవరి కాలు ఎవరు కొలిచారు? ఒళ్ళే సర్దుకుంది కదా! సర్దుకున్న మాట నిజం, దాని ఖరీదు ఎంతో కూడా చూడాలి. సీటు అందని పిల్లలు కమ్మీ కింద నుంచి కాలు దూర్చి దొంగ తొక్కుడు తొక్కారు. చీర కట్టుకున్నవాళ్ళకు ఆ అడ్డకమ్మీ గోడే అయింది. పొట్టివాళ్ళు తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగడం ఊరంతా చూసేది. పైగా ఆ సైకిళ్ళు కూడా కొన్న రోజునే సొంతం కాలేదు. వాషర్లు వేసి, సీటు ముక్కు కాస్త వంచి, హ్యాండిలు పైకి లేపి, ఏడాదికోసారి ఓవరాయిలింగు చేసి వీధి చివరి మెకానిక్కు ఒక్కో సైకిలును ఒక్కో మనిషికి దగ్గర చేశాడు. అదే కంపెనీ, అదే సైజు అయినా పక్కింటాయన సైకిలు అరువు తెచ్చుకుంటే ఎక్కిన మరుక్షణం తేడా తెలిసేది అందుకే. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యడం లేదు, మోస్తోంది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య రెండు మూడు కిలోమీటర్లే ఉన్నవాళ్ళకు ఇదంతా అనవసరమని మాత్రం ఒప్పుకుంటాను.

నిజంగా జాగ్రత్త పడాల్సింది మూడో చోట. అన్నీ అలవాటవుతాయిలే అనుకుంటే పనివాడి తప్పులు కూడా అందులోనే కొట్టుకుపోవా? కొత్తదనాన్నీ లోపాన్నీ విడదీయడం ఎలా? కొత్త చెప్పు కరిస్తే మనం చేసే పరీక్షే ఇక్కడా పనికొస్తుంది. కరుపు రోజురోజుకూ తగ్గుతుంటే చెప్పు కుదురుకుంటున్నట్టు, పదో రోజు కూడా మొదటి రోజులాగే ఉంటే సైజు తప్పినట్టు. తుంట్లలో నొప్పి వారంలో తగ్గాలి. అరచేతుల తిమ్మిరి తగ్గకపోతే హ్యాండిలు దూరమైనా అయి ఉండాలి, సీటు ముందుకు వాలైనా ఉండాలి. మలుపులో కాలివేలు టైరుకు తగలడం ఎన్నాళ్ళు తొక్కినా పోదు, అది గీసినప్పుడే జరిగిన తప్పు. పల్లంలో చేతులు తేలిక చేయగానే ముందు భాగం గజగజలాడితే, ముందు హెడ్డు బిగింపు, చక్రాలు, బరువు పెట్టిన చోటు చూడాలి. అవన్నీ సరిగా ఉన్నా ఆగకపోతే కట్టినవాడి దగ్గరికే పోవాలి. ఈ పరీక్ష సొంత దారిలో, సొంత బరువుతో జరగాలన్నది మరిచిపోకూడని సంగతి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల నీడలో వేసిన 23 కిలోమీటర్ల దారి మీద ఏ సైకిలైనా మంచిదే అనిపిస్తుంది. స్పీడు బ్రేకరూ, లేచిన మ్యాన్‌హోలు మూతా, వాన నీళ్ళ కింద కనపడని గుంతా ఉన్న దారి మీద మడ్‌గార్డు కమ్మీ గలగల ఎక్కడిదో బయటపడుతుంది. సైకిళ్ళు కట్టే వృత్తికే ఈ సంగతి బాగా తెలుసు. 1930, 40 దశకాల్లో ఫ్రాన్స్‌లో సైకిళ్ళు కట్టేవాళ్ళకు జరిగిన పోటీల్లో అందం చూసి బహుమతి ఇచ్చేవారు కారు. పాడు పడ్డ కొండదారుల్లో తొక్కించి, తిరిగొచ్చాక ఏది విరిగింది, ఏది వదులైంది చూసి మార్కులు తగ్గించేవారు. ఆ పోటీలను 2016లో మళ్ళీ మొదలుపెట్టారు. రంగు తళతళను చూసి తీర్పు చెప్పే అలవాటు కొన్నవాళ్ళది, కట్టేవాళ్ళది కాదు.

అనుభవమున్న పనివాళ్ళు ఫోర్కు పైగొట్టాన్ని కావలసినదానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగా వదిలేసి, హ్యాండిలు పైనా కిందా రింగులు పేర్చి ఇవ్వడం, చివరి సర్దుబాటు రోడ్డు మీదే జరగాలని తెలిసే. చూడడానికి అది కొంచెం వికారంగానే ఉంటుంది, పసిపిల్ల గౌనుకు ఎదిగే వయసని లోపల మడిచి కుట్టిన అంచులాగా. మొదటి వారం హ్యాండిలు కిందికి దించమంటుంది ఒళ్ళు, మూడో వారం ఇంకాస్త పైకి అంటుంది, వానాకాలంలో బరువైన కోటు వేసుకున్నాక మళ్ళీ ఇంకో మాట. రింగులు కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ మారుతుంటాయి. రెండు మూడు నెలలు వాటిని ముట్టుకోలేదంటే అప్పుడు తీసుకెళ్ళి, పైన మిగిలిన ముక్కను రంపంతో కోయిస్తారు.