వాతాపి చెరువు గట్టున

పసిపిల్లలకి పాలు పట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు కదండీ మన అమ్మమ్మలు, ఆ వాతాపి పేరు మోసిన ఊరే బాదామి. కర్ణాటకలో, బాగల్‌కోట జిల్లాలో ఉంది. ఎర్ర ఇసుకరాతి కొండల నడుమ చెరువు, దాని పేరు అగస్త్య తీర్థం. మెట్ల మీద ఇప్పటికీ బట్టలుతికే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

బాదామి, పట్టదకల్లు, ఐహొళె మూడూ ఒక్కరోజులో చుట్టేసి వచ్చేవాళ్లే ఎక్కువ. నా మాట విని మీరు ఆ పని చేయకండి. బాదామికే ఒక రోజు ఇవ్వండి.

దక్షిణపు కొండకి నాలుగు గుహాలయాలు. మొదటిదాని దగ్గర 18 చేతుల నటరాజుని చూడమని అందరూ చెబుతారు. నేను ఇంకోటి చెబుతాను: అక్కడే ద్వారపాలకుడి కాళ్ల కింద చూడండి. తల ఒకటే, ఒళ్లు రెండు. ఒకవైపు అరచేత్తో మూస్తే ఏనుగు, రెండోవైపు మూస్తే ఎద్దు! పిల్లలైతే అక్కణ్ణుంచి ఓ పట్టాన కదలరు. మూడో గుహ 578లో చాళుక్య మంగళేశుడు తొలిపించింది. శాసనం అక్కడే ఉంది. శేషుడి మీద పవళించిన విష్ణువే మనకు అలవాటు, ఇక్కడ చుట్టల మీద దర్జాగా కూర్చున్నాడు. నాలుగోది జైనులది.

ఈ ఊరు రాజధానిగా ఏలిన ఈ చాళుక్యులు మనకు పరాయివాళ్లేం కాదండోయ్. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడు. ఆ వంశపు రాజరాజనరేంద్రుడు అడిగితేనే కదా నన్నయగారు భారతం అందుకున్నది! ఆ పులకేశిని ఓడించి, 642లో ఈ ఊరిని పట్టుకున్నవాడు పల్లవ నరసింహవర్మ. ఊళ్లోనే ఒక బండ మీద అతని శాసనం చెక్కి ఉంది. చాళుక్యులు మళ్లీ తేరుకుని ఊరిని దక్కించుకున్నారు. ఆ పల్లవ శాసనం అక్షరాలు అరిగిపోయాయి గానీ, నాకు మాత్రం అక్కడ ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు.

సాయంత్రానికి చెరువు తూర్పు కొసన భూతనాథుడి గుడి చేరండి. గుడి ముఖం పడమటికి, కాబట్టి పొద్దువాటారే ఎండంతా దాని మీదే. చేతిలో పళ్లసంచి మాత్రం వద్దు, కోతులు ఊరుకోవు. రాత్రికి వేడివేడి జొన్నరొట్టె, మన గుత్తివంకాయకి అప్పచెల్లెలు లాంటి ఎణ్ణెగాయి అడిగి వడ్డించుకోండి. పట్టదకల్లు మర్నాడు పొద్దున్నే బయల్దేరితే సరి.