మాట ఒకటే, చప్పుడు వేరు

“పాలెంలో ఎవురు కావాల సార్?” అన్నాడు కావలిలో ఎక్కించుకున్న ఆటో అబ్బాయి. పట్టపోళ్ళ ఇళ్ళకని చెప్పాను. “అరవం మాట్లాడతారే, వాళ్ళేనా?” అని జువ్వలదిన్నె దారి పట్టాడు.

దారిపొడవునా రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు. బకింగ్‌హాం కాలువ దాటాక ఇసుక మొదలైంది. ఒకప్పుడు సరుకులూ మనుషులూ పడవలెక్కి మద్రాసు చేరిన దారి ఈ కాలువే.

అది జూన్ చివరి వారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల వేట నిషేధం ముగిసి, పాలెంలో మళ్ళీ కదలిక వచ్చింది. తాటాకు పందిరి కింద నలుగురు వల బాగుచేసుకుంటున్నారు. వాళ్ళ మాటలు దూరం నుంచి వింటే చెన్నైలో రైలు దిగినట్టుంది. నన్ను చూడగానే నలుగురూ నెల్లూరు తెలుగులోకి వచ్చేశారు. “రా సార్, ఎండలో నిలబడ్డావే!”

నెల్లూరు తీరంలో ‘పట్టపుపాలెం’ అనే మాట పేరులో కలిసిన పల్లెలు చాలా ఉన్నాయి. తరాల కిందట తమిళ తీరం నుంచి ఉత్తరానికి వచ్చి స్థిరపడిన జాలర్ల పల్లెలవి. ఇంట్లో తమిళం లాంటి మాట, బజారులో తెలుగు. ఆ ఇంటి మాటకు లిపి లేదు. పిల్లలు బడిలో ‘చేప’ అని రాసి, ఇంటికొచ్చి ‘మీను’ అంటారు. ప్రభుత్వ కాగితాల్లో ‘పట్టపు’ బీసీ-ఎ జాబితాలోని కులం. పాలెంలో మాత్రం ఇప్పటికీ కాపులనే కులపెద్దల మాటకే బరువు. వాళ్ళు దురాయి వేస్తే, అంటే కట్టడి చేస్తే, ఆరోజు ఒక్క బోటూ నీళ్ళలోకి దిగదు.

వల కడుతున్న పెద్దాయనకు డెబ్బై దాటాయి. తమిళనాడుకూ మనకూ మధ్య సరిహద్దు వయసూ ఇంచుమించు అంతే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా నెల్లూరు, కడలూరు రెండూ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ తర్వాత మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఏ ఊళ్ళో ఏ భాషవాళ్ళు ఎక్కువో చూసి గీసిన గీత అది. పట్టపుపాలేలు ఆ లెక్కకు అందలేదు. అవి గీతకు చాలా ఉత్తరాన, తెలుగు ఊళ్ళ నడుమ ఉన్నాయి.

“గీత సంగతి మాకేం తెల్సు?” అన్నాడు పెద్దాయన. “సోనాబోట్లు వచ్చినాకే తెలిసింది.”

కడలూరు, నాగపట్నం, కారైక్కాల్ వైపు నుంచి వచ్చే పెద్ద మరపడవలను ఇక్కడ సోనాబోట్లంటారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా చేపల వేట రాష్ట్రం అదుపులో ఉంటుంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న జాలర్లదే. అక్కడ అలాంటి మరపడవలు వేటాడకూడదు. చిక్కల్లా చేపలు ఎక్కువగా ఆ మేరలోనే దొరకడం. “రాత్రిళ్ళు వస్తారు. మా వలలు తొక్కుకుంటా పోతారు. తెల్లారేసరికి మాకు తాడు ముక్కలు మిగుల్తాయి.”

ఓపిక నశించినప్పుడు పాలేలవాళ్ళే కలిసి వెళ్ళి ఆ బోట్లను పట్టుకొస్తారు. అప్పుడు రెండు వైపులవాళ్ళకూ మాట కలిపేది ఎవరని అడిగాను. పందిరి కింద అందరూ నవ్వారు. “మేమే! తిట్టుకునేదీ మా మాటలోనే, రాజీ పడేదీ మా మాటలోనే. ఆఫీసర్లకు మేం తెలుగులో చెప్తాం.” ఒక కుర్రాడు అందుకున్నాడు: “వాళ్ళను మాత్రం ఏమంటాం సార్, ఆడ సిలోనోళ్ళు పట్టుకుంటా ఉండారంట గదా.”

అతనన్నది నిజమే. 1974, 1976 ఒప్పందాలు మనకూ శ్రీలంకకూ మధ్య సముద్రంలో గీత గీశాయి. అది దాటిన తమిళనాడు జాలర్లను అక్కడి నౌకాదళం అరెస్టు చేస్తోంది. మన ట్రాలర్లు సముద్రం అడుగును ఊడ్చుకుపోతున్నాయని గోడు వెళ్ళబోసుకునేది జాఫ్నా జాలర్లు. వాళ్ళ మాటా తమిళమే. ఆ వలలకు తాళలేక శ్రీలంక 2017లో అడుగు ఊడ్చే వేటనే నిషేధించింది. ఇక్కడ పెద్దాయన చెప్పిందీ, అక్కడ జాఫ్నా మనిషి చెప్పేదీ ఒకే కథ.

ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్న ఒకమ్మ కొడుకు చెన్నై కాశిమేడులో మరపడవ మీద కూలికి ఉన్నాడు. “మాట వచ్చు గదయ్యా, ఆడ పని తొందరగా దొరుకుద్ది” అంది. అక్కడ వాణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవరట, ‘తెలుగోడా’ అంటారట. పొద్దున ఆటో అబ్బాయి అన్న మాట చెప్పాను. “అవును, ఈడేమో అరవోళ్ళం” అని చేట దులుపుకుని లేచింది.

2020లో శంకుస్థాపన జరిగిన జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్‌ను చూపిస్తానని కుర్రాడు వెంట వచ్చాడు. పెద్ద బోట్లు ఆగేందుకు కట్టిన జెట్టీ అది. అప్పు పుడితే నలుగురం కలిసి మరపడవ కొంటామన్నాడు. అప్పుడు 8 కిలోమీటర్ల లోపలికి వస్తావా అని అడిగాను. అతను జెట్టీ అంచు దాకా నడిచి, నీళ్ళలోకి చూస్తూ, “ఆ మాట మా కాపుల ముందు అడగబాక సార్” అన్నాడు.

పొద్దుగూకేసరికి పాలేనికి తిరిగొచ్చాం. దూరంగా నీటి మీద మూడు దీపాలు వెలుగుతున్నాయి. రాత్రిపూట ఏది మీ బోటో, ఏది వాళ్ళదో ఎట్లా తెలుస్తుంది? కేకేసి చూస్తారా అని పెద్దాయన్ని అడిగాను.

“కేకేస్తే ఏం తెలుస్తాది? వాళ్ళదీ మాదీ ఒకటే మాట. చప్పుడు వేరు. మాది పది హార్స్‌పవర్, కొట్టుకుంటా పోతాది. వాళ్ళది వస్తా ఉంటే ఇసుకలో పండుకున్నోడికి కూడా వీపుకు తెలుస్తాది.”

చెప్పడం ఆపి, మెడ సాచి చెవి ఒగ్గాడు. కాసేపటికి మళ్ళీ వల అందుకుని, తెగిన కన్ను దగ్గర ముడి వేశాడు.